కొత్తవాళ్లకు మొదటి పాఠం: పట్టిక ముందా, చార్ట్ ముందా?

గళ్లకాగితం:
స్ప్రెడ్‌షీట్‌లో చార్ట్ గీయడం నేర్పేటప్పుడు మొదటి గంటలో చార్ట్ జోలికే పోకూడదని నా వాదన. ముందు పట్టిక పేర్చడం రావాలి. శీర్షికలు పైన ఒక్క వరుసలోనే ఉండాలి. ఎడమ కాలమ్‌లో పేర్లో తేదీలో, పక్క కాలమ్‌లలో అంకెలు. మధ్యలో ఖాళీ వరుస వద్దు, మెర్జ్ చేసిన (రెండు మూడు గళ్లు ఒకటిగా కలిపేసిన) సెల్ వద్దు. సెల్‌లో "45 కేజీలు" అని కొడితే అది అంకె కాదు, మాట. ఎక్సెల్ దాన్ని సున్నాగా గీస్తుంది. యూనిట్‌ను శీర్షికలోకి తీసుకెళ్లి సెల్‌లో 45 ఒక్కటే ఉంచాలి. ఇదేదీ రాకుండా ఇన్సర్ట్ మెనూ తెరిపిస్తే వచ్చేది రంగుల బొమ్మే. మీరేమంటారు?

ఎఫ్‌పదకొండు:
నేను ఒప్పుకోనండి. గంటసేపు నియమాలు చెప్తే అవి ఎందుకో తెలియకుండానే రాసుకుంటారు, మర్నాటికి మర్చిపోతారు. 6 వరుసలు, 2 కాలమ్‌ల పట్టిక ఇవ్వండి. అందులో ఏదో ఒక సెల్ మీద క్లిక్ చేసి ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కమనండి. ఎక్సెల్‌లో చార్ట్ అదే షీట్‌లో వచ్చేస్తుంది. ఎఫ్11 ఒక్కటే నొక్కితే వేరే షీట్‌లో వస్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాల్సి రావచ్చు. గూగుల్ షీట్స్‌లో ఇన్సర్ట్, తర్వాత చార్ట్. అంతే.

ఆ పట్టికలో కావాలని ఒక తప్పు పెట్టండి. మొదటి కాలమ్‌కి "సంవత్సరం" అని శీర్షిక, కింద 2019 నుంచి 2024 దాకా. రెండో కాలమ్‌లో 40, 55 లాంటి చిన్న అంకెలు. ఎక్సెల్ సంవత్సరాన్నీ ఒక విలువే అనుకుని రెండు వేల ఎత్తు బార్లు నిలబెడుతుంది. అసలు అంకెలు నేలకు అతుక్కుపోతాయి. అది చూసినవాడికి తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు చార్ట్ మీద రైట్ క్లిక్, సెలెక్ట్ డేటా, సంవత్సరం సిరీస్ (ఆ బార్ల గుంపు) తీసేసి, కుడి పక్క ఎడిట్ నొక్కి ఆ కాలమ్‌నే లేబుళ్లుగా ఇవ్వడం చూపిస్తే చాలు. లేదా పట్టికలో ఎడమ పైమూల సెల్ ఖాళీగా ఉంచి చార్ట్ మళ్లీ వేయమనండి.

సున్నాగీత:
ఏది ముందు నేర్పినా పర్లేదు. పై (pie) చార్ట్, అంటే గుండ్రంగా ముక్కలు కోసి చూపే చార్ట్, మాత్రం నేర్పకండి.

గళ్లకాగితం:
పై చార్ట్ గొడవ ఇక్కడ వద్దండి.

సున్నాగీత:
గొడవ కాదు, ఆధారం ఉంది. కోణాల కంటే ఒకే గీత మీది ఎత్తుల్ని మన కళ్లు కచ్చితంగా పోల్చగలవని గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలతో చూపించారు. 23 శాతం, 26 శాతం ముక్కలు పక్కపక్కన పెడితే ఏది పెద్దదో తెలియదు. అవే బార్లయితే వెంటనే తెలుస్తుంది.

ఎఫ్‌పదకొండు:
రెండు మూడు ముక్కలే ఉండి, అన్నీ కలిపితే మొత్తం అయ్యే చోట పై చార్ట్‌తో నష్టం లేదు. విషయానికి రండి. గళ్లకాగితం గారూ, మీ పద్ధతిలో కొత్తవాళ్లు గంటసేపు తెరమీద ఏమీ చూడరు. మీకు వాళ్లమీద నమ్మకం లేదు.

గళ్లకాగితం:
నమ్మకం మాట ఎందుకండీ ఇప్పుడు? ఫార్ములా తప్పితే ఎర్రర్ అయినా వస్తుంది. చార్ట్ తప్పితే ఏ ఎర్రరూ రాదు. తప్పుడు చార్ట్ కూడా ఒప్పు చార్ట్ అంత అందంగానే ఉంటుంది. పట్టిక చివరి "మొత్తం" (టోటల్) వరుసను కూడా కలిపి గీసేసి, చివర ఒక్క బార్ ఆకాశానికి, మిగతావి పాతాళానికి ఉన్న రిపోర్టులు ఎన్ని వస్తున్నాయో మీకు తెలియదా? అవన్నీ "ముందు నొక్కి చూడు" అని నేర్చుకున్నవాళ్లు పంపేవే.

ఎఫ్‌పదకొండు:
మొత్తం వరుస కలిస్తే కనబడుతుంది కదండీ! మీరే చెప్పారు, ఒక్క బార్ ఆకాశానికని. కనబడే తప్పును ముందే ఉపన్యాసంగా చెప్పడం ఎందుకు?

గళ్లకాగితం:
కనబడని వాటి సంగతి?

96, 97, 99 అని మూడు విలువలు ఇచ్చి కాలమ్ చార్ట్ వేయించండి. అతిపెద్ద, అతిచిన్న విలువల తేడా పెద్దదానిలో సుమారు ఆరో వంతు కంటే తక్కువైతే ఎక్సెల్ నిలువు యాక్సిస్‌ను (పక్కన అంకెలుండే గీతను) సున్నా నుంచి మొదలుపెట్టదు. 99 బార్ 96 బార్‌కి రెండింతలకు పైగా పొడుగ్గా కనిపిస్తుంది. కొత్తవాడు చూసి ఏమనుకుంటాడు? "బాగా పెరిగింది" అనుకుంటాడు. తప్పు జరిగిందని అనుమానమే రాదు. యాక్సిస్ మీద క్లిక్ చేసి కంట్రోల్, 1 నొక్కి మినిమమ్‌లో 0 కొట్టాలని వాడికి ఎలా తోస్తుంది?

తేదీలూ అంతే. జనవరి 1, జనవరి 5, మార్చి 20 అన్న తేదీలు మాటలుగా పడి ఉంటే లైన్ చార్ట్‌లో మూడూ సమదూరంలో కూర్చుంటాయి. 4 రోజులూ, రెండు నెలలకు పైబడిన కాలమూ ఒకటే అయిపోతాయి. నంబర్ ఫార్మాట్‌ను జనరల్‌కి మార్చి చూడాలి. నిజమైన తేదీ అయితే అంకెగా మారుతుంది, 2024 జనవరి 1 అయితే 45292. మాటైతే అలాగే ఉండిపోతుంది. ఫిల్టర్ పెట్టి దాచిన వరుసలు చార్ట్‌లోంచి చడీచప్పుడు లేకుండా పోతాయి. ఇవి నొక్కి చూసి నేర్చుకునేవి కావు.

నిలువువరుస:
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. ఒకరు కనబడే తప్పుల గురించీ, ఇంకొకరు కనబడని వాటి గురించీ మాట్లాడుతున్నారు. సంవత్సరం బార్లవడం, మొత్తం వరుస కలవడం, మాటగా పడిన అంకె సున్నా అవడం: ఇవి చార్టే చూపిస్తుంది, వాటికి ముందు పాఠం అక్కర్లేదు. కోసేసిన యాక్సిస్, మాటలైన తేదీలు, దాచిన వరుసలు చెప్పితీరాలి.

సున్నాగీత:
ఖాళీ సెల్స్ కూడా రెండో జాబితాలో వేయండి. సెలెక్ట్ డేటాలో హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అని బటన్ ఉంటుంది. అక్కడ జీరో ఎంచుకుని ఉంటే కొలవని రోజు కూడా సున్నాకి పడిపోయినట్టు గీత దిగుతుంది. గ్యాప్స్ అయితే తెగి కనిపిస్తుంది.

ఎఫ్‌పదకొండు:
సరే, రెండో జాబితాకు ఒప్పుకుంటాను. కానీ అవీ పట్టిక దగ్గర చెప్పేవి కావు, చార్ట్ తెరమీద ఉన్నప్పుడే చెప్పాలి. 96, 97, 99 చార్ట్‌ను కాపీ చేసి పక్కన పెట్టి, రెండోదానికి మినిమమ్ 0 ఇవ్వమనండి. రెండూ ఒకేసారి కళ్లముందు ఉండాలి.

గళ్లకాగితం:
పక్కపక్కన పెట్టడం బాగుంది, అది తీసుకుంటాను. అయితే నాది ఇంకొకటి ఉంది: చార్ట్ వేసే ముందు "ఈ చార్ట్ ఏ ప్రశ్నకు జవాబు?" అని ఒక వాక్యం షీట్ పైన రాయించాలి. కాలంతో మార్పా, పోలికా, రెండు కొలతల మధ్య సంబంధమా? దాన్నిబట్టే లైన్, బార్, స్కాటర్ (చుక్కల చార్ట్). ఇది మాత్రం ఆల్ట్, ఎఫ్1 కంటే ముందే. ఇందులో తగ్గను.

ఎఫ్‌పదకొండు:
ఒక్క వాక్యమైతే సరే. గంట మాత్రం ఇవ్వను.