అప్‌డేట్: 1852 ఒరెగాన్ నవలకు బండి, తిండి, భూమి లెక్కలు

1852లో అమెరికాలో మిస్సోరి నుంచి పడమటి తీరంలోని ఒరెగాన్‌కు స్థిరపడ్డానికి బండి మీద వెళ్లే జంట కథకు బండి, సరుకులు, భూమి వివరాలు అడిగాను కదా, తేలినవి ఇవి.

బండికి ఎద్దులే ఖాయం. గుర్రాల కంటే చవక, నాసిరకం గడ్డి మేసైనా లాగుతాయి. రోజుకు 20–25 కిలోమీటర్లు. బండి నిండా సరుకే కాబట్టి మనుషులు ఎక్కువగా నడిచారు. కథానాయిక బండిలో కూర్చుని ఉత్తరాలు రాసే సీను తీసేయాల్సిందే.

అసలు ఉత్కంఠ చక్రంలో ఉంది. ఎడారిగాలికి కొయ్య ఎండి కుంచించుకుపోతే చక్రం చుట్టూ ఉండే ఇనుప పట్టా వదులై జారిపోతుంది. రాత్రికి చక్రాలు ఊడదీసి ఏట్లో నానేస్తారు, లేదా సందుల్లో చెక్క చీలికలు దిగ్గొడతారు. నానబెట్టినది ఆరగానే మళ్లీ వదులే. గట్టిగా నిలవాలంటే పట్టాను కొంచెం కురచ చేసి, ఎర్రగా కాల్చి ఎక్కించి, నీళ్లు పోయాలి. అంటే కొలిమి కావాలి. అందుకే ఆ సీను దారిలోని సైనిక స్థావరం లారమీ కోటకు మార్చాను.

తిండికి 1845 నాటి ఒక గైడు లెక్క: మనిషికి పిండి 90 కిలోలు, బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) 68, పంచదార 9, కాఫీ 4.5. ఎండకు కొవ్వు కరగకుండా బేకన్‌ను తవుడులో పెట్టేవారు.

భూమి దగ్గరే చాలా నవలలు జారతాయి. ఒరెగాన్‌లో స్థిరపడేవాళ్లకు ఉచితంగా భూమి ఇచ్చిన 1850 చట్టం కింద జంటకు 640 ఎకరాలన్నది ముందే స్థిరపడ్డవాళ్లకు మాత్రమే. 1852లో చేరిన జంటలకు 320, అందులో సగం భార్య పేరునే. మొగుడూ పెళ్లాల గొడవకు ఇంతకంటే ఏం కావాలి!