పర్లాకిమిడిలో మా హార్డ్‌వేర్ కొట్టు: ఆటసామాన్ల అర తీసెయ్యాలా, ఉంచాలా?

మేకులకొట్టు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది బజారులో పాత హార్డ్‌వేర్ కొట్టు. తాతగారు పెట్టారు, నాన్నగారు నడిపారు, ఇప్పుడు నా వంతు. మేకులు, బందులు, గడియలు, పారలు, గునపాలు, జీఐ తీగ, తాళాలు, పెయింట్లు అమ్ముతాం. వీటి మధ్య గల్లాపెట్టె వెనకాల ఆరడుగుల అర ఒకటుంది. అందులో క్రికెట్ బ్యాట్లు, వాలీబాల్స్, షటిల్ బ్యాట్లు, క్యారమ్స్ బిళ్ళలు, చేపల గాలాలు, బొంగరాలు.

ఆ అర తీసేసి కుళాయిలూ షవర్లూ పెడదామని నా ఆలోచన. కుళాయి వారంలో కదులుతుంది. దసరాకి తెచ్చిన బ్యాట్లు సంక్రాంతి దాటినా అలాగే వేలాడుతున్నాయి. కుర్రాళ్ళు వస్తారు, ఊపి చూస్తారు, బరువు చూస్తారు, స్టిక్కరు ఫోటో తీసుకుని పోతారు. నాలుగు రోజులకి అదే బ్యాటు కొరియర్ బండి మీద వాళ్ళింటికి వస్తుంది. పైగా గ్రిప్ ఎక్కించమని మళ్ళీ నా దగ్గరికే!

నాన్నగారు "నేనున్నన్నాళ్ళు ఉండనీరా" అంటున్నారు. మీరేమంటారు?

కిమిడి పాతకాపు

బాబూ, నీ కొట్టు ఏదో నాకు తెలిసిపోయింది. పేరు చెప్పనులే.

మా చిన్నప్పుడు నౌపడా నుంచి చిన్న రైలు. 1900లో రాజావారు వేయించిన లైను, రెండున్నర అడుగుల పట్టాలు. ఆటసామాను మూటలు అందులోనే దిగేవని మా నాన్న చెప్పేవాడు. మూటలు మీరట్ నుంచో జలంధర్ నుంచో. దేశం రెండుముక్కలయ్యాక సియాల్‌కోట్ పనివాళ్ళు వచ్చి స్థిరపడిన ఊళ్ళు అవే కదా. ఈ మారుమూల కొట్టులో వేలాడే బ్యాటు వెనకాల అంత కథ ఉంది.

నాకు బ్యాటు కంటే బొంగరం గుర్తు. మీ తాతగారు బొంగరం ఊరికే అమ్మేవాడు కాదు. "ఏ మేకు కావాల్రా గుంటడా?" అని అడిగేవాడు. డబ్బాలోంచి మేకు ఏరి, కర్రలోకి నిటారుగా దింపి, నెత్తి కోసి, ఆకురాయితో మొన అరగదీసి, అరచేతిలో తిప్పి చూపించేవాడు. మొన పక్కకి పోతే బొంగరం వణుకుతుంది. వణికితే పీకి మళ్ళీ దింపేవాడు. దానికి వేరే డబ్బులు లేవు. ఈ పని ఏ యాప్ చేస్తుంది? తియ్యకు.

లెక్కలబాబు (రాయగడ)

బాబాయ్ గారూ, బొంగరం కథ బాగుంది. కానీ మేకు దింపినందుకు డబ్బులు తీసుకోలేదని మీరే అంటున్నారు. అదే జబ్బు.

తమ్ముడూ, నేనూ కొట్టువాణ్ణే. సరుకు ఎన్నిసార్లు తిరిగింది అన్నదే లెక్క. ఒక్కో బ్యాటు మీద ఎంత మిగులుతుందని చూడకు, ఆ ఆరడుగుల గోడ మీద ఏడాదికి ఎంత మిగులుతుందో చూడు. మేకు పాడవదు, తుప్పు పట్టినా సెంట్రింగ్ వాళ్ళు కొంటారు. బ్యాటుకి బూజు పడుతుంది, చెదలు పడుతుంది. షటిల్ కాక్ ఈకలు ఎండిపోతే రెండు దెబ్బలకి విరుగుతాయి. బంతుల్లో రబ్బరు చచ్చిపోతుంది.

ఇంకోటి. మీ ఊరు ఒడిశా, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రా. ఇదివరకు పన్ను తేడాలకి మీ ఊరివాళ్ళు పాతపట్నం, పాతపట్నం వాళ్ళు మీ ఊరు తిరిగేవారు. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ రెండు వైపులా ఒకటే. సరిహద్దు బేరం పోయింది. కుళాయిలు పెట్టు.

బరంపురం ఆడపడుచు

నేను పర్లాకిమిడిలో పుట్టి బరంపురంలో కాపురం ఉంటున్నాను. అందరూ జ్ఞాపకాలతో కరిగిపోతున్నారు కాబట్టి నా జ్ఞాపకం కూడా రాస్తున్నాను.

ఎనిమిదో తరగతిలో షటిల్ బ్యాటు కోసం దాచుకున్న డబ్బులతో ఒక హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. మీ కొట్టే అనడం లేదు. సిమెంటు బస్తాల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. "ఎవరికమ్మా, అన్నయ్యకా?" అని అడిగాడు యజమాని. నాకే అంటే అందరూ నవ్వారు. అందులో ఎగతాళి ఏమీ లేదు, ముద్దుగానే నవ్వారు. కానీ నేను బ్యాటు కొనకుండా వచ్చేశాను. మళ్ళీ అన్నయ్యని పంపిస్తే వాడు తన చేతికి సరిపడే బరువైన బ్యాటు తెచ్చాడు. నెల రోజులకి నా మణికట్టు వాచింది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో చూసి, బరువు గ్రాముల్లో చదివి, తనకి కావలసింది తెప్పించుకుంటుంది. "ఎవరికి?" అని అడిగేవాడు లేడు. మీ పాత కొట్టు మగపిల్లల కొట్టు. ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

కిమిడి పాతకాపు

అమ్మా, నువ్వు చెప్పింది కాదనలేను. మా చెల్లెళ్ళు ఎప్పుడూ ఆ మెట్లు ఎక్కలేదు. ఇంతవరకూ నాకు ఈ ఆలోచనే రాలేదు.

ఉలీ బాడిసా (గుణుపురం)

నేను వడ్రంగి పని చేస్తాను. బ్యాట్లు కూడా బాగుచేస్తాను. అరలో బ్యాటు ఉండాలా వద్దా అన్నది పక్కన పెట్టండి. బ్యాటుకి కావలసినవి ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి. పిడికి చుట్టే గట్టి దారం, జిగురు, ఉప్పుకాగితం, అవిసె నూనె. ఇవన్నీ హార్డ్‌వేర్ సామాన్లే.

నా మేనల్లుడి సంగతి చెప్తాను. వాడు ఆన్‌లైన్‌లో కాశ్మీర్ విల్లో బ్యాటు తెప్పించాడు. "నూనె రాసి వాడండి" అని కాగితం వచ్చింది. వేరే ఊళ్ళో పెయింట్ల కొట్టులో అవిసె నూనె అడిగితే ఉడికించిన నూనె ఇచ్చారు. అది తలుపులకీ కిటికీలకీ రాసేది. త్వరగా ఆరడానికి అందులో మందు కలుపుతారు, పైన పొరలా గట్టిపడుతుంది. బ్యాటుకి కావలసింది పచ్చి అవిసె నూనె, కర్రలోకి మెల్లగా ఇంకేది. అది కూడా చెంచాడు. మొహానికి, అంచులకి పల్చగా రాసి, రాత్రంతా అడ్డంగా పడుకోబెట్టాలి. పిడి బ్యాటులోకి దిగిన చోట రాయకూడదు, జిగురు వదులుతుంది. మావాడు ఉడికించిన నూనె గ్లాసుడు పోసి ఎండలో నిలబెట్టాడు. మొహం మీద అట్టకట్టింది, పిడి కదిలింది. ఉప్పుకాగితం పట్టి రెండు రోజులు గీకాను.

తరవాత చెక్క సుత్తితో గంటల తరబడి మెల్లగా కొట్టి మొహం గట్టిపరచాలి. ఇది చెప్పేవాడు కొట్టులో ఉంటే బ్యాటు మూడేళ్ళు వస్తుంది. లేకపోతే మూడు నెలలు. నువ్వు బ్యాటు అమ్మకపోయినా పర్లేదు తమ్ముడూ. నూనె సీసా ఇచ్చేటప్పుడు "దేనికి?" అని అడుగు.

బరంపురం ఆడపడుచు

"దేనికి?" అని అడగండి. "ఎవరికి?" అని మాత్రం వద్దు.

వాలీబాల్ మేష్టారు (కాశీనగర్)

వ్యాయామం మేష్టారుగా రిటైరయ్యాను. ఉలీ బాడిసా గారి మాటకి నేను చెయ్యెత్తుతాను. మా ఆటకి బంతి కంటే హార్డ్‌వేరే ఎక్కువ.

వాలీబాల్ కోర్టు వెయ్యాలంటే ఏం కావాలి? ఒక జీఐ పైపు. ఇరవై అడుగుల నిడివి వస్తుంది. సగానికి కోస్తే పదేసి అడుగుల గుంజలు రెండు. అడుగున్నర పాతి కాంక్రీటు పోస్తే పైన ఎనిమిదిన్నర మిగులుతుంది. మగవాళ్ళకి వల పై అంచు 2.43 మీటర్లు, అంటే సుమారు ఎనిమిదడుగులు. ఆడపిల్లలకి 2.24. రెండు ఎత్తులకీ కొక్కేలు వెల్డింగ్ చేయించుకుంటే ఒకే గుంజలు సరిపోతాయి. వల పైన లాగి కట్టడానికి తీగ, బిగించడానికి టర్న్‌బకిల్, కోర్టు గీతలకి సున్నం. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కొలవడానికి టేపు. ఇన్నీ ఒకే కౌంటర్ మీద దొరికేవి. మీ నాన్నగారు పైపు కోయించి, కోసిన అంచులు గీసుకోకుండా ఆకురాయి పట్టించి, ఖాతాలో రాసుకుని ఇచ్చేవారు. బాకీ అడిగేవారు కాదు, "ఈసారి గెలిచారా?" అని అడిగేవారు.

బంతి ఆన్‌లైన్‌లో కొనుక్కోమనండి, వస్తుంది. కానీ ఆదివారం పొద్దున్న బంతికి గాలి కొట్టే సూది విరిగిపోతే ఆన్‌లైన్ ఏం చేస్తుంది?

లెక్కలబాబు (రాయగడ)

మేష్టారూ, ఆ సూది పది రూపాయలు. దానికోసం ఆరడుగుల అర కట్టుకోమంటారా? ఖాతాలో రాసుకుని అడక్కపోవడం గొప్పగా చెప్తున్నారు గానీ, ఆ గొప్ప ఎవరి జేబులోంచి వచ్చింది?

దేవగిరి చెరువు

మీరంతా బ్యాట్లూ బంతులూ అంటున్నారు. నాకు తెలిసిన పాత కొట్లలో అదే అరలో ఎయిర్ గన్ ఛర్రాల డబ్బాలు కూడా ఉండేవి. వేసవి సెలవుల్లో వాటితో పావురాలూ గువ్వలూ కొట్టాం. అదీ "ఆటసామానే" అన్నారు. 1972 వన్యప్రాణి చట్టం సంగతి మాకెవరూ చెప్పలేదు, అమ్మినవాళ్ళూ అడగలేదు. చైనా మాంజా కూడా అంతే. 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధించేదాకా గాలిపటాల పక్కనే చుట్టలు చుట్టలుగా ఉండేది.

పాత అర అంతా పుణ్యమే అనుకోకండి. గాలాలు, సీసపు గుళ్ళు, నైలాన్ దారం ఉంచుకో తమ్ముడూ. మహేంద్రతనయలో నీళ్ళున్నన్నాళ్ళూ ఎవడో ఒకడు వస్తాడు. గాలం కొనేవాడు ఫోన్లో చూసి కొనడు, మొన బొటనవేలి గోటి మీద ఆనించి చూసి కొంటాడు. గోటిమీద జారితే వద్దంటాడు.

మేకులకొట్టు (పర్లాకిమిడి)

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. ఒక్కొక్కరికి జవాబు.

లెక్కలబాబు అన్నయ్యా, గోడ లెక్క వేశాను. నువ్వన్నదే నిజం. బ్యాట్లు, క్యారమ్స్ బోర్డులు కలిసి గోడలో ముప్పాతిక తింటున్నాయి, వాటి మీద వచ్చేది అతి తక్కువ. చిల్లర సామాను, అంటే గ్రిప్పులు, దారం, సూదులు, గాలాలు, స్ట్రైకర్లు ఒక్క సొరుగులో ఉన్నాయి, అవే ఎక్కువ తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ నేను ఆ సొరుగుని లెక్కలోకి తీసుకోనేలేదు.

ఆడపడుచు అక్కా, మీ మాట నాన్నగారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. "మనమూ అలాగే అడిగేవాళ్ళం" అన్నారు.

దేవగిరి అన్నయ్యా, ఛర్రాలు నేను కొట్టులోకి వచ్చేనాటికే లేవు. మాంజా మిగిలిన రెండు చుట్టలు నాన్నగారే కాల్చేశారు.

ఉలీ బాడిసా బావగారూ, మా దగ్గర ఉన్నదీ ఉడికించిన నూనే. పచ్చిది తెప్పిస్తున్నాను. రెండు సీసాలూ పక్కపక్కన పెడితే మా పనికుర్రాడు తప్పు ఇస్తాడని నాన్నగారు పచ్చిదాని మూతకి గ్రిప్ రబ్బరు ముక్క తొడగమన్నారు. చీకట్లో కూడా చేతికి తెలుస్తుందట.

సో, బ్యాట్లు ఉన్నవి అమ్మేసి మళ్ళీ తేను. ఎవరైనా ఆన్‌లైన్ బ్యాటు తెస్తే గ్రిప్ వేసి, నూనె రాసి, కొట్టి ఇస్తాను, కూలి తీసుకుంటాను. నాన్నగారికి ఈ కూలి మాట నచ్చలేదు. ఇంకా వాదన నడుస్తోంది.

కిమిడి పాతకాపు

కూలి తీసుకో బాబూ. మీ తాతగారు తీసుకోలేదంటే ఆయనకి కొరియర్ పోటీ లేదు. మరి క్యారమ్స్ స్ట్రైకర్ ఆయన ఎలా అమ్మేవాడో తెలుసా? చిన్న కాటాలో వేసి 15 గ్రాములు దాటితే పక్కన పెట్టేసేవాడు. "పోటీల్లో ఒప్పుకోరు" అనేవాడు. మా వీధిలో పోటీలు ఎక్కడ జరిగాయి గనక!

మేకులకొట్టు (పర్లాకిమిడి)

ఆ కాటా ఇంకా ఉంది బాబాయ్ గారూ. జిగురు డబ్బాల వెనకాల దొరికింది.

నిన్న సాయంత్రం అరలో సగం దించాం. వెనక గోడ మీద సున్నం మీద పెన్సిల్ లెక్కలు బయటపడ్డాయి. తాతగారి రాతా, నాన్నగారి రాతా కలిసిపోయాయి. "బొంగరాలు 2 డజ." "నెట్టు 1, గుమ్మా, ముట్టింది." కొన్నింటికి అడ్డగీతలు. అడ్డగీత లేనిది ఒకటి ఉంది: "పైపు 1, తీగ, సున్నం బస్తా, కాశీనగర్ జట్టు." పక్కన అంకె చెరిగిపోయింది. నాన్నగారు దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. ఎవరని అడిగితే చెప్పలేదు. ఆ భాగం మీద కుళాయిల బోర్డు బిగించొద్దన్నారు.

వాలీబాల్ మేష్టారు (కాశీనగర్)

బాబూ, ఆ పైపు మాదే. వచ్చే ఆదివారం వస్తాను. మీ నాన్నగారు అంకె గుర్తులేదని అంటారు, నమ్మకు. ఆయనకి పైసలతో సహా గుర్తుంటుంది. ఆ ఏడు మేం గెలవలేదు, అందుకే మొహం చూపించలేదు. ఒక గాలి సూది కూడా తీసి ఉంచు.