నాగార్జునసాగర్‌లో తొలినాటి మోటారు షెడ్లు: తెలిసినవాళ్లు రాయండి

హిల్‌కాలనీ_బిడ్డ:
అన్నలకు, పెద్దలకు నమస్తే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన సంగతి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన సంగతి సాగర్‌లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. మరి ఈ మధ్య కాలమంతా రాళ్లు మోసిన లారీలను ఎవరు బాగుచేశారు? మా నాయన ప్రాజెక్టు వర్క్‌షాపులో హెల్పర్‌గా చేశాడు. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత బయట సొంత షెడ్లు వేసుకున్నారని చెప్పేవాడు. నాలుగు కర్రలు, పైన రేకు, కింద గుంత, అంతే షెడ్డు. ఆ తరం వాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఇంట్లో విన్నది ఏదున్నా ఇక్కడ రాయండి, చిన్న ముచ్చటైనా సరే.

హాలియా_కొలిమి:
మంచి చర్చ పెట్టినవ్ తమ్మీ. మాది కమ్మరి ఇల్లు. మా తాత నాగళ్లు, గొడ్డళ్లు చేసేవాడు. డ్యాం పని మొదలయ్యాక లారీల కమాన్ పట్టీలు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, రావడం మొదలైంది. సాగర్ డ్యాం రాతికట్టడం కదా. ఎక్కువ మంది కూలీలకు పని దొరకాలని కూడా అట్ల కట్టారు. రాయి అంటే మామూలు లోడు కాదు, బాటలు గతుకులు, పట్టీలు పుటుక్కున విరిగేవి. కొత్త పట్టీ కావాలంటే పట్నం పోవాలె. అందుకే ఉన్నదాన్నే కొలిమిలో ఎర్రగా కాల్చి, వంపు సరిచేసి, నూనెలో ముంచేవాడు. నీళ్లలో ముంచితే పెళుసెక్కి మళ్లీ విరుగుతుంది. ఎంత రంగుకు వచ్చినప్పుడు తీయాలో చూపుతోనే చెప్పేవాడు. మా పెదనాయన ఆ పనిలోంచే పూర్తిగా మోటారు మెకానిక్ అయ్యాడు. మా ఇంట్లో మోటారు పని మొదలైంది కొలిమి దగ్గరే.

పైలాన్_67:
షెడ్లన్నీ 67 తర్వాతే వచ్చాయని విన్నాను. టూరిస్టులు రావడం మొదలయ్యాకే కదా మెకానిక్‌లకు గిరాకీ?

నార్కట్‌పల్లి_బస్సు:
కాదు తమ్ముడూ. సాగర్ ఊరి వరకే చూస్తే అట్ల అనిపిస్తుంది, కానీ జిల్లాలో మోటారు పని అంతకంటే చాలా పాతది. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సులు స్కాట్లాండ్‌లో తయారైన అల్బియన్లు. నిజాం కాలంలోనే మా నార్కట్‌పల్లిలో డిపో వచ్చింది. డిపో ఉన్నచోట మెకానిక్, ఎలక్ట్రీషియన్, టైర్ల పనివాడు ఉండాల్సిందే. వాళ్ల దగ్గర పానాలు (స్పానర్లు) అందించిన పిల్లలే పెద్దయ్యాక ఉస్తాద్‌లయ్యారు. ఆ శాఖే 1951లో హైదరాబాద్ ప్రభుత్వం చేతికి వచ్చి, 1958 జనవరి 11న ఆర్టీసీ అయింది.

మా తాత డిపోలో క్లీనర్. అప్పట్లో సెల్ఫ్ మీద నమ్మకం లేదు, పొద్దున్నే ముందు నుంచి హ్యాండిల్ కొట్టాల్సిందే. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టాలి, అవతలి వైపు చుట్టొద్దు. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే వేలో, మణికట్టో విరుగుతుంది. కొత్తగా చేరిన పిల్లగాడికి మొదటిరోజు నేర్పే పాఠం అదేనట. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు బొగ్గు గ్యాస్ బస్సులు చూశాడట. వెనక ఒక డ్రమ్ము, అందులో కట్టెబొగ్గు. గాలి తక్కువగా తగిలేలా కాలిస్తే వచ్చే గ్యాస్‌ను వడపోసి, చల్లార్చి ఇంజిన్‌కు ఇచ్చేవాళ్లు. బస్సు కదలాలంటే ముందు చాలాసేపు బ్లోయర్ తిప్పాలి. పెట్రోలుకున్నంత బలం ఉండదు, ఎత్తు వస్తే జనం దిగి తోయాల్సిందే. గ్యాస్ పైపుల్లో మసి పేరుకుంటే గీకి తీసే పని మెకానిక్‌లదే. మా తాతకు ఆ దగ్గు చాలా ఏళ్లు పోలేదు.

మాచర్ల_అల్లుడు:
కుడిగట్టు వైపు నుంచి ఒక మాట. మాకు పెద్ద దిక్కు మాచర్ల రైల్వేస్టేషన్. అప్పుడది గుంటూరు నుంచి వచ్చే మీటరుగేజీ లైన్. బేరింగులు, గాస్కెట్లు గుంటూరులో కొని ఆ బండిలో తెచ్చేవాళ్లని మా మామయ్య చెప్పేవాడు. సామాను వచ్చేదాకా లారీ డ్రైవరు షెడ్డులోనే వండుకుని పడుకునేవాడు.

కొండమల్లేపల్లి_డ్రైవర్:
నేను టూరిస్టు అంబాసిడర్ నడిపినవాణ్ణి, ఆ కాలం గురించి చెప్తాను. హైదరాబాద్ నుంచి సాగర్ దాదాపు నూట యాభై కిలోమీటర్లు. ఎండాకాలం దారిలో మాల్ అనే ఊరు దాటాక బండి మొరాయించేది. ట్యాంకులో పెట్రోలు ఉంటుంది, ఇంజిన్‌కు అందదు. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి పంపు లాగలేదన్నమాట. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు ఆగితే మళ్లీ అందుకునేది. ఈ సంగతి నాకు చెప్పింది సాగర్‌లో ఒక షెడ్డు ఉస్తాద్. పైసలు తీసుకోలేదు. గుడ్డ ఎప్పుడూ బండిలో పెట్టుకో, నీళ్లు మాత్రం రేడియేటర్ మూత వేడిగా ఉన్నప్పుడు తీసి పోయకు అన్నాడు. ఆవిరి మొహం మీదికి ఎగజిమ్మి కాలినవాళ్లను ఆయన చూశాడు.

హిల్‌కాలనీ_బిడ్డ:
మీ అందరికీ దండం. ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. వచ్చే నెల ఊరికి పోతున్నా, మిగిలిన పాత మేస్త్రీలను కలిసి వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తాను. ఏమేం అడగాలో చెప్పండి.

నార్కట్‌పల్లి_బస్సు:
పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదట ఏ బండి విప్పారు, కూలి ఎంత ఇచ్చారు, ఈ మూడూ తప్పక అడుగు. పాత పానాలు, కట్టలు కట్టిన బిల్లులు ఉంటే ఫొటో తీయి. ఇనుప సామాన్ల వాడికి పోకముందే తీయి.

కొండమల్లేపల్లి_డ్రైవర్:
లాంచీల మెకానిక్‌లను మరచిపోకు. నాగార్జునకొండకు పోయే లాంచీలకు కూడా డీజిల్ ఇంజిన్లే. లారీల మీద చేయి తిరిగినవాళ్లలో కొందరు ఆ పని కూడా చేశారు. లాంచీ స్టేషన్ దగ్గర టీ హోటల్‌లో అడిగితే వాళ్ల ఇళ్లు చూపిస్తారు.