ట్రాయ్ సినిమాలో దేవుళ్లని ఎందుకు తీసేశారు?

ప్రశ్న:
ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్ చదివాక 2004 నాటి ‘ట్రాయ్’ మళ్లీ చూశాను. ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. కథ నడిపేదే దేవుళ్లు కదా, వాళ్లని దాదాపు మొత్తం తీసేశారు. గ్రీకు వీరుడు అకిలీస్ తల్లి, సముద్ర దేవత థెటిస్ కనిపిస్తుంది గానీ ఆమె కూడా మామూలు తల్లిలాగే ఉంటుంది. అటు డిస్నీ ‘హెర్క్యులిస్’ (1997), ‘క్లాష్ ఆఫ్ ది టైటన్స్’ (2010) రెండిట్లోనూ దేవుళ్లున్నారు, కానీ పాతాళ దేవుడు హేడిస్ విలన్ అయిపోయాడు. ఇదంతా పాశ్చాత్య ప్రేక్షకుల కోసమా, లేక నిడివి సరిపోకనా?

జవాబు 1:
నిడివి కాదండీ. ట్రాయ్ రాజకుమారుడు పారిస్‌కీ, అతను తీసుకొచ్చేసిన హెలెన్ భర్త, గ్రీకు రాజు మెనెలాస్‌కీ జరిగిన పోరు తీసుకోండి. ఇలియడ్ మూడో సర్గలో మెనెలాస్ పారిస్ శిరస్త్రాణం పట్టుకుని ఈడ్చుకుపోతుంటే గడ్డం కింది తోలు పట్టీ గొంతుకి బిగుసుకుంటుంది, ఇంకాసేపైతే ప్రాణం పోయేదే, అప్పుడు ప్రేమ దేవత ఆఫ్రొడైటీ ఆ పట్టీ తెంపి, పారిస్‌ని పొగమంచులో దాచి తీసుకెళ్లి పడకగదిలో దింపుతుంది. సినిమాలో పారిస్ పాక్కుంటూ వెళ్లి అన్న హెక్టర్ కాళ్లు పట్టుకుంటాడు, హెక్టర్ మెనెలాస్‌ని చంపేస్తాడు. దేవత చేసిన పని కాస్తా తమ్ముడి పిరికితనం, అన్న మమకారం అయింది. హాలీవుడ్‌లో ప్రతి పనికీ కారణం మనిషి మనసులోంచే రావాలి, చెడ్డవాడికి తెర మీదే శిక్ష పడాలి. అందుకే మెనెలాస్ అన్న, గ్రీకు సేనాని అగమెమ్నాన్‌ని కూడా ట్రాయ్‌లోనే పొడిపించేశారు. ఇంటికెళ్లి భార్య క్లైటెమ్నెస్ట్రా చేతిలో చావాల్సినవాడు! గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ మూడు నాటకాలు ఆ చావు మీదే నిలబడ్డాయి.

జవాబు 2:
హేడిస్ గురించి. ముగ్గురు అన్నదమ్ములు చీట్లు వేసుకుంటే జ్యూస్‌కి ఆకాశం, పొసైడన్‌కి సముద్రం, ఇతనికి పాతాళం వచ్చాయి, అంతే. చనిపోయిన వాళ్లంతా చేరేది అక్కడికే, పాపులు మాత్రమే కాదు. కానీ స్వర్గనరకాల లెక్కలో పెరిగిన క్రైస్తవ ప్రేక్షకులకి కింద ఉండేవాడంటే సైతానే. డిస్నీ ఇంకో పెద్ద మార్పు చేసింది: జ్యూస్ భార్య హీరాని హెర్క్యులిస్‌కి ప్రేమగల కన్నతల్లిని చేసేసింది. అసలు కథలో తల్లి ఆల్క్‌మెనీ, హీరా పగబట్టి హెర్క్యులిస్‌కి పిచ్చెక్కించి సొంత బిడ్డల్నే చంపేలా చేస్తుంది. బాగా తెలిసిన కథ ప్రకారం హెర్క్యులిస్ చేసిన పన్నెండు సాహసాలు ఆ పాపానికి ప్రాయశ్చిత్తం. పిల్లల సినిమాలో అది చూపించలేరు, సరే, కానీ పాపం తీసేశాక సాహసాలకి బరువు ఎక్కడిది?

జవాబు 3:
మార్చడమే తప్పన్నట్టు మాట్లాడకండి. గ్రీకులే మార్చుకున్నారు. క్రీ.పూ. 412 నాటి గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ ‘హెలెన్’ నాటకంలో, యుద్ధానికి కారణమైన హెలెన్ అసలు ట్రాయ్‌కే వెళ్లదు, ఈజిప్ట్‌లో ఉంటుంది, ట్రాయ్‌లో ఉన్నది దేవతలు చేసిన నీడ మాత్రమే. అంటే పదేళ్ల యుద్ధం ఒక నీడ కోసం జరిగినట్టు. ఆ మార్పు కథని ఇంకా చేదుగా చేసింది. హాలీవుడ్ మార్పులు ఎక్కువగా ఊరట వైపే పోతాయి, నా అభ్యంతరం అక్కడ. అలాగని ‘ట్రాయ్’ని పూర్తిగా కొట్టిపారేయను. కొడుకు హెక్టర్‌ని చంపిన అకిలీస్ చేతుల్నే ట్రాయ్ రాజు ప్రయామ్ ముద్దుపెట్టుకునే ఘట్టంలో, ఆ పాత్ర వేసిన పీటర్ ఓటూల్‌ని చూడండి. హోమర్‌లో దేవతల దూత హెర్మిస్ దారి చూపిస్తాడు, ఇక్కడ ముసలాయన ఒక్కడే వస్తాడు, అయినా గుండె పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఆ ఘట్టం విషయంలో ఒప్పుకుంటాను. కానీ హెక్టర్ చావులో మాత్రం నష్టమే. హోమర్‌లో గ్రీకుల పక్షాన ఉన్న దేవత అథీనా, అకిలీస్‌తో పోరాడుతున్న హెక్టర్‌ని మోసగించడానికి అతని తమ్ముడి రూపంలో పక్కన నిలబడుతుంది, ఇంకో ఈటె అందుకుందామని చూస్తే అక్కడెవరూ ఉండరు, అప్పుడే తన పని అయిపోయిందని అతనికి అర్థమవుతుంది. సినిమాలో అది ఇద్దరి మధ్య మామూలు పోరు అయిపోయింది. ట్రాయ్ యుద్ధం నుంచి ఇంటికొచ్చే ఒడిస్సియస్ కథతో రేఫ్ ఫైన్స్ నటించిన ‘ది రిటర్న్’ (2024)లోనూ దేవుళ్లు లేరట, ఈ వారాంతం అది చూసి మళ్లీ రాస్తాను.