ల్యాబులో ఆడపిల్లలు వెనక నిలబడేది భయంతోనా?

చంద్రగిరి టీచరు:
మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి. డిజిటల్ ప్యానెల్ ఆగిందంటే చాలు, నేను నోరు తెరిచేలోపే నలుగురు మగపిల్లలు వచ్చి వైర్లు పీకుతుంటారు. ఆడపిల్లలు బెంచీ దాటరు. "అది పుట్టుకతో వచ్చే బుద్ధి మేడం" అన్నారు మా లెక్కల సార్. నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

పలమనేరు మామ:
సార్ అన్నదాంట్లో తప్పేముందమ్మా? మావాడు పాత ఫోను విప్పి పరుస్తాడు. పాప ఫోను వాడుతుంది గానీ లోపలేముందో అడగదు. ఇద్దరికీ తిండి ఒకటే, బడి ఒకటే.

చిత్తూరు చింతచెట్టు:
మామా, ఆ పాత ఫోను ఎవరి చేతికిచ్చావు? 2023లో పల్లె పిల్లల చదువుల మీద లెక్కలు తీసే అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో 14–18 ఏళ్ల పిల్లల్ని అడిగారు. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన మగపిల్లల్లో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉంది. ఆడపిల్లల్లో 19.8 శాతానికే. చేతిలో వస్తువు లేకుండా ఆసక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది?

పలమనేరు మామ:
వాడు అడిగాడు, ఇచ్చా. పాపని నేనే అడగలేదు, ఒప్పుకుంటా. కానీ మా మేనల్లుడికి కంప్యూటరంటే చెమటలు పడతాయి. వాడూ మగపిల్లాడే కదా, దానికేమంటావు?

చంద్రగిరి టీచరు:
అక్కడికే వస్తున్నా. ఆడా మగా కంటే ముందు పిల్లల స్వభావం చూడాలి. కొత్తది చూస్తే వేలు పెట్టే పిల్లలుంటారు, తప్పుపోతుందేమోనని చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్లూ ఉంటారు. రెండో రకానికి కంప్యూటర్ కన్నా వెనకున్న ముప్పై జతల కళ్లే టెన్షన్. మగపిల్లాడైతే ఆ భయాన్ని అల్లరిలో దాచేస్తాడు. ఆడపిల్ల మౌనంగా ఉంటే మనం "ఇష్టం లేదు" అని రాసేసుకుంటాం. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతికి ట్యాబులిచ్చినప్పుడు చూశా. ఎవరిది వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఈ వెనక నిలబడటం పెద్దగా కనిపించలేదు.

పోయిన నెల ల్యాబులో రోల్ నంబరు ప్రకారం ఒక్కొక్కరినే కూర్చోబెట్టా. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఎక్సెల్ పట్టిక అందరికంటే ముందు ముగించింది. "వచ్చు మేడం, కానీ నాకు బోరు" అంది! వైర్లు పీకే వీరుల్లో ఒకడు మాత్రం మెల్లగా వచ్చి, ఫైలు ఎక్కడ సేవ్ అయిందని చెవిలో అడిగాడు.

చిత్తూరు చింతచెట్టు:
2018లో కొన్ని దేశాల ఎనిమిదో తరగతి పిల్లలకు పెట్టిన ఐసీఐఎల్‌ఎస్ అనే అంతర్జాతీయ కంప్యూటర్ నైపుణ్య పరీక్షలోనూ ఇలాంటిదే తేలింది. కంప్యూటర్లో సమాచారం వెతికి, సరిచూసి వాడుకోవడంలో ఆడపిల్లలదే పైచేయి. ప్రోగ్రామింగ్ లాంటివి మాకొచ్చన్న ధైర్యం మాత్రం మగపిల్లల్లో ఎక్కువ.

పలమనేరు మామ:
మన దేశం అందులో లేదు కదప్పా, ఆ లెక్క ఇక్కడికెలా తెస్తావు? సరే, ఇంకో పాత ఫోనుంటే నిన్న పాపకిచ్చా. విప్పలేదు. దాన్ని మార్పిడికిస్తే కొత్తదాని మీద ఏ అంగట్లో ఎంత తగ్గిస్తారో నాలుగు చోట్ల చూసి, కాగితం మీద రాసి నా ముందు పెట్టింది.