"నీ పస కాననయ్యెడిన్": అయ్యెడినా, వచ్చెడినా?

కొర్లగుంట నుంచి:
మొన్న ఆదివారం మా అమ్మాయి, మొదటి జీతం వచ్చిందని, బెంగుళూరులో ఒక మెక్సికన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్ళింది. ముందుగా బుక్ చేసుకోవాల్సిన చోటు. మెనూ చూసి ఎంచుకునే పని లేదు, ఏడు విడతలుగా వాళ్ళే తెచ్చి పెడతారు. నాలుగో విడతలో మట్టి పళ్ళెంలో నల్లటి చిక్కటి పులుసులాంటిది వచ్చింది, దాన్ని మోలె అంటారు. పక్కన నీలి మొక్కజొన్న రొట్టెలు రెండు. అంతే, ముక్క లేదు, కూర లేదు. ఎండుమిరపకాయలు నల్లగా మాడ్చి, నువ్వులు, శెనక్కాయలు, కాస్త చాక్లెట్ వేసి నూరుతారట. వడ్డించే అబ్బాయి "రొట్టె తుంచుకుని కొంచెం కొంచెంగా, మెల్లగా తినండి" అన్నాడు. ఆ మాట వినగానే నా నోట్లోంచి "మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుము" అని వచ్చేసింది. శ్రీనాథుడి చాటువు (కావ్యంలోది కాని విడి పద్యం) నాలుగో పాదం అది. పూతన విషం తాగానని, దావాగ్ని మింగానని ఏం నిక్కుతావు, చింతచిగురు వేసిన బచ్చలికూర జొన్నకూటితో ఒక్క ముద్ద మింగి చూడు, నీ పస, అంటే నీ బలం తెలుస్తుంది అని కృష్ణుణ్ణి సవాలు చేస్తాడు.

తర్వాత "నీ పస కాననయ్యెడిన్" అనుకున్నానో లేదో, మా నాయన గొంతు "కానవచ్చెడిన్" అని వినబడింది. ఆయన చిత్తూరులో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు, పద్యం తప్పు చదివే మనిషి కాదు. అడుగుదామంటే ఇప్పుడు లేరు. మూడు రోజుల నుంచి నిద్రలో కూడా ఇదే. శ్రీనాథుడు ఏది అన్నాడు?

చంద్రగిరి నుంచి:
అక్కా, ఛందస్సు ఈ తగువు తీర్చదు. ఉత్పలమాల చివర ర, వ గణాలు. "కాననయ్యెడిన్" అన్నా "కానవచ్చెడిన్" అన్నా గురులఘువులు ఒక్కటే. యతి మె, మ్రిం దగ్గర, ప్రాస ల్ల దగ్గర, రెండింటికీ ఈ చోటుతో పని లేదు. ఇక మిగిలింది అర్థం. కానవచ్చు అంటే కనబడు, అంతే. కానన్ + అయ్యెడిన్ అంటే మాకు చూడడానికి వీలవుతుంది అని. కృష్ణుడి ఎదురుగా జనం నిలబడి చూస్తున్నట్టు ఉంది అందులో. నేను "అయ్యెడిన్" వైపే. మీ నాయనగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, నోట్లో తిరిగిన పద్యంలో "వచ్చెడిన్" ఎప్పుడో చేరి ఉంటుంది, ఎందుకంటే అదే వాడుక మాటకు దగ్గర.

కుప్పం నుంచి:
ఒక అనుమానం. "కానన" అంటే కానని అనే లెక్కలో, నీ పస కనబడకుండా పోతుంది అని అర్థం రాదా? ఒక్క ముద్దకే నీ బలమంతా పోతుంది అని ఎకసెక్కెం?

చంద్రగిరి నుంచి:
రాదు తమ్ముడూ. వ్యతిరేకార్థం కావాలంటే "కానక" అనాలి. ఇక్కడ ఉన్నది తుమున్నర్థకం, అంటే "చూడడానికి" అనే అర్థం.

పలమనేరు నుంచి:
చివరి మాట మీద ఇంత సేపు కొట్టుకుంటున్నారు గానీ, పద్యానికి ప్రాణం మూడో పాదంలో ఉంది. "పల్లవ యుక్తమౌ నుడుకు బచ్చలి శాకము". ఈ "ఉడుకు"ని అందరూ ఊరికే దాటేస్తారు, చాలామంది ఉడికించిన బచ్చలికూర అని చెప్పి ముందుకు పోతారు. కాదు. ఉడుకు అంటే మన చిత్తూరులో ఇప్పటికీ అనే ఉడుకే, ఉడుకు నీళ్ళు, ఉడుకుడుకు సంగటి. పొగలు కక్కేది.

చూడండి, మొదటి రెండు పాదాల్లో కృష్ణుడు చేసిన ఘనకార్యాలు రెండు: పూతన విషం తాగడం, దావాగ్ని మింగడం. కింది రెండు పాదాల్లో వాటికి సరిజోడు ఉండాలి కదా. విషానికి జోడు బచ్చలి, చింతచిగురు కలిపిన కూర. దావాగ్నికి జోడు ఉడుకు. బచ్చలి జిగట, జిగట కూర వేడిని వదలదు, నాలుక మీద పడితే జారదు. అందుకే "మెల్లన". ఉడుకుని ఉడికించిన అంటే సగం పద్యం చచ్చిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే చెప్తున్నా.

తిరుచానూరు నుంచి:
సార్, మీ జోడు బాగుంది గానీ అసలు ముద్దాయిని వదిలేశారు. జొన్నకూడు! కవి కష్టమంతా అది. ఆయనే మరోచోట అన్నాడు కదా:

జొన్నకలి జొన్నయంబలి
జొన్నన్నము జొన్నపిసరు జొన్నలె తప్పన్
సన్నన్నము సున్న సుమీ
పన్నుగఁ బల్నాటి సీమ ప్రజలందరకున్

నాలుగు పాదాల్లో జొన్న ఎన్నిసార్లు వచ్చిందో చూడండి, నోట్లో ఆ గింజ నలుగుతున్న చప్పుడే వినిపిస్తుంది. సన్నబియ్యం అలవాటైన నాలుక అది. ప్రౌఢదేవరాయల ముందు కనకాభిషేకం చేయించుకున్న మనిషి, పల్నాట్లో జొన్నకూడు ముందు కూర్చుని దేవుణ్ణి పందేనికి పిలిచాడు. ఆయన మీద నాకున్న ప్రేమంతా ఈ చాటువుల వల్లే, ఆ పెద్ద కావ్యాల వల్ల కాదు. కాబట్టి "మెల్లన" అన్నది కూర వేడికి కాదు, జొన్న గొంతులో పట్టుకుంటుంది కాబట్టి.

కుప్పం నుంచి:
అక్కా, మీరు తిన్నది మొక్కజొన్న, కవి తిన్నది జొన్న, పేరులో పోలికే తప్ప రెండూ వేరు. 1492లో కొలంబస్ అటు వెళ్ళిన తర్వాతే మొక్కజొన్న మిగతా లోకానికి తెలిసింది, శ్రీనాథుడు 15వ శతాబ్దం మొదటి సగం మనిషి. మిరపకాయా అంతే, పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. పలమనేరు సార్‌కి ఇది బలమే, ఎందుకంటే ఆ కూరలో మిరప కారం లేదు కాబట్టి "ఉడుకు" కారపు మంట అయ్యే వీలు లేదు, వేడే అవ్వాలి.

ఇంకో సంగతి, అవకాడో, టమాటో, చాక్లెట్ మాటలు ఆ దేశపు నహువాత్ల్ భాషవి. మన సపోటా కూడా, "త్సాపోత్ల్" స్పానిష్‌లో "సపోతె" అయి మన దాకా వచ్చింది. మిరపకాయకి మాత్రం మనం వాళ్ళ పేరు తీసుకోలేదు, మిరియం నుంచి మన మాట మనమే చేసుకున్నాం. నాకు అది గొప్పగా అనిపిస్తుంది.

కొర్లగుంట నుంచి:
మోలె కూడా ఆ భాషదేనని అమ్మాయి చెప్పింది, "మోల్లి" అంటే నూరిన పులుసు లాంటిదట, గ్వాకమోలెలో ఉన్నదీ అదే. పలమనేరు సార్, మీ జిగట మాటకి ఒకటి చెప్పాలి. రెండో విడతలో నాగజెముడు మట్టలు పెట్టారు! ముళ్ళు తీసి, కాల్చి, సన్నగా తరిగి. వాళ్ళు నోపాల్ అంటారు. చిన్నప్పుడు చేను గట్టున ఎర్రటి నాగజెముడు పండ్లు తిని నోరంతా రంగు చేసుకున్నాం గానీ మట్ట తింటారని తెలీదు. అచ్చం బచ్చలి జిగట, పైగా పులుపు. బహుశా పద్యం అక్కడే కదిలి ఉంటుంది లోపల, మోలె దగ్గర బయటికి వచ్చింది. కానీ సార్, మోలె గోరువెచ్చగానే ఉంది, ఉడుకు కాదు. అయినా మెల్లగానే తినాల్సి వచ్చింది. కారం, చేదు, పొగ వాసన, తీపి అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, తొందరపడితే సగం తెలీదు.

పలమనేరు నుంచి:
అమ్మా, మీ పళ్ళెం పద్యానికి సాక్ష్యం కాదు.

తిరుచానూరు నుంచి:
నా పాయింట్ అదే. వేడి లేకపోయినా "మెల్లన" కావాల్సి వచ్చింది. గట్టి తిండి ఏదైనా అంతే.

శ్రీకాళహస్తి నుంచి:
ఇక్కడ ఎవరూ "దిగమ్రింగుము" చూడట్లేదు. మన వైపు రాగిసంగటి ఎట్లా తింటాం? నమలం. ముద్ద చేసి, పులుసులో ముంచి, గుటుక్కున మింగుతాం. కొత్తగా వచ్చినవాళ్ళు నములుతుంటే మా అవ్వ "నమలకూడదు నాయనా, మింగాలి" అనేది. కవి "తినుము" అనలేదు, "దిగమ్రింగుము" అన్నాడు. పల్నాట్లో ఎవరో ఆయనకీ అట్లాగే చెప్పి ఉంటారు. నా లెక్కన ఇది వెక్కిరింపే కాదు, ఆ తిండి తినే పద్ధతి కూడా. ఉడుకుడుకు ముద్ద నమలకుండా మింగితే గొంతు కాలుతుంది, కాబట్టి పలమనేరు సార్ చెప్పిన ఉడుకూ నిలుస్తుంది, తిరుచానూరు మేడమ్ చెప్పిన కూడూ నిలుస్తుంది.

పలమనేరు నుంచి:
ఉడుకు కూరది, కూటిది కాదు. పద్యంలో "ఉడుకు" బచ్చలి ముందు ఉంది. విశేషణాన్ని ఒకచోటి నుంచి లాగి ఇంకోచోట పెట్టకూడదు.

చంద్రగిరి నుంచి:
అసలు ప్రశ్నకి ఒకసారి వస్తా. ఎన్రికె ఓల్వెరా అనే చెఫ్ 2000లో మెక్సికో సిటీలో పుహోల్ అనే రెస్టారెంట్ పెట్టాడు. అక్కడ పేరున్న వంటకం "మోలె మాద్రె", అంటే తల్లి మోలె. ఒకప్పుడు చేసిన మోలెకి కొత్తది కలుపుతూ, వేడి చేస్తూ, వెయ్యి రోజులు దాటించి నిలబెడతారు. పళ్ళెంలో పాతది చుట్టూ, అప్పటికప్పుడు చేసింది మధ్యలో, పక్కన రొట్టెలు. అక్క తిన్నది ఆ దారిలోదే అయి ఉంటుంది. చాటువు కూడా ఇట్లాగే బతికింది. నోటినుంచి నోటికి వచ్చింది, ఎవరో కొంత కలిపారు. "నిక్కెదవేమొ" అంటారు కొందరు, "నిక్కెదవేల" అంటారు కొందరు. "మొదటి గరిటె ఏది" అని అడిగితే దొరకదు.

తిరుచానూరు నుంచి:
దొరకదని వదిలేస్తే ఎట్లా? ఈ తిరుపతిలోనే ఉండి తాళ్ళపాక రాగిరేకుల పాటలు పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, ఊరూరా తిరిగిన చాటువుల్ని చాటుపద్యమణిమంజరిగా కూర్చారు. పాఠాన్ని పట్టించుకున్నారు కాబట్టే అది మనకి మిగిలింది. సోమవారం యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్తున్నా, చూసి చెప్తా.

కుప్పం నుంచి:
మేడమ్, "పస" కూడా చూడండి. పస అంటే బలం అని అందరూ చెప్తారు. కూరలో పస లేదు, మాటలో పస లేదు అంటాం కదా, సారం అన్న అర్థంలో. దేవుడి పసా కూటి పసా రెండూ ఒక మాటలో పెట్టాడని నా అనుమానం.

పలమనేరు నుంచి:
"నీ పస" అని "నీ" ఉంది. కూటికి చోటు లేదు అందులో.

కొర్లగుంట నుంచి:
ఇవాళ నాయన పాత నోటుబుక్కు బయటికి తీశా. పద్యం ఉంది, ఆయన చేతిరాతే. "కానవచ్చెడిన్" అనే రాసుకున్నారు. కానీ పక్కన చిన్నగా పెన్సిల్‌తో "అయ్యె?" అని ఉంది. ఇంకొకటి, నాలుగో పాదం మొదట్లో "మెల్లగ" అని ఉంది, "మెల్లన" కాదు.

చంద్రగిరి నుంచి:
మెల్లగ అయినా గణం కుదురుతుంది. అయితే ఆ "గ" కింద ఏమైనా కొట్టేసి ఉందా అక్కా? ఫోటో పెట్టండి.