ఉప్పుడు మిల్లు బాయిలర్: రిపోర్టులో 560 ఉంటే పరిమితి దాటినట్టు ఎలా?

ప్రశ్న (ఆమదాలవలస దగ్గర మిల్లు)

నమస్కారం అండీ. మాది ఉప్పుడు బియ్యం మిల్లు. గంటకు 3 టన్నుల ఆవిరి ఇచ్చే ఊక బాయిలర్, దానికి ఒక సైక్లోన్ (పొగను సుడి తిప్పి బూడిదను కిందికి దింపేది), ఐడీ ఫ్యాన్ (పొగను లాగి చిమ్నీలోకి పంపేది), చిమ్నీ ఉన్నాయి. ఆరేసిన బట్టల మీద బూడిద పడుతోందని పక్క వీధివాళ్లు ఫిర్యాదు ఇచ్చారు. అందుకని చిమ్నీ దగ్గర శాంపిల్ తీయించాం. రిపోర్టులో ధూళి 560 మిల్లీగ్రాములు అని ఉంది. మా సైజుకి 800 దాకా పర్వాలేదని విన్నాను. మరి కింద "పరిమితి దాటింది" అని రాశారేంటి? బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ కూడా నడుస్తోంది. బ్యాగ్ ఫిల్టర్ (పొగను గుడ్డ సంచుల గుండా వడకట్టేది) పెట్టకపోతే మిల్లు మూతేనని ఒక సప్లయర్ భయపెట్టి వెళ్లాడు. ఇది చాలదన్నట్టు పోలండ్‌లో ఉన్న మా బావమరిది అక్కడి రూల్స్ పంపాడు. అందులో 50 అని ఉంది! టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది నమ్మాలి?

జవాబు (రాజాం, బాయిలర్ పనులు)

అన్నా, ముందు బావమరిది కాగితం పక్కన పెట్టండి. అది యూరప్ వాళ్ల 2015 నాటి రూలు. 1 నుంచి 50 మెగావాట్ల మధ్య ఉన్న బాయిలర్లకు, ఇంజన్లకు వర్తిస్తుంది. మీ 3 టన్నులది అక్కడుంటే ఆ లెక్కలోకే వచ్చేది, నిజమే. కానీ అక్కడ కూడా 5 మెగావాట్ల లోపు పాత వాటికి 2030 జనవరి దాకా గడువుంది. మనకు వర్తించేది మన పర్యావరణ నిబంధనల్లోని చిన్న బాయిలర్ల పట్టిక. 2 టన్నుల లోపు 1200, 2 నుంచి 10 లోపు 800, 10 నుంచి 15 లోపు 600, 15 టన్నులు ఆపైన అయితే 150. అన్నీ ఘనపు మీటరు పొగకు మిల్లీగ్రాముల్లో.

అసలు తిరకాసు ఇదిగో. ఈ అంకెలన్నీ పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 శాతం ఉన్నట్టు లెక్కగట్టినవి. మీ రిపోర్టులో 560 పక్కన ఆ శాతం ఎంత ఉందో చూసి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

6 శాతం. దాని కింద ఇంకో గడిలో 1120 అని ఉంది. అదేంటో అర్థం కాలేదు.

రాజాం

అదే మీ అసలు అంకె. 560ని 12తో గుణించి 6తో భాగిస్తే 1120. పలచగా చేసిన మజ్జిగలో వెన్న తక్కువ కనబడినట్టు, చిమ్నీలోకి ఉత్త గాలి ఎక్కువ పోతే ధూళి తక్కువగా కనబడుతుంది. ఆ మాయ పనిచేయకుండానే ఈ 12 శాతం లెక్క పెట్టారు. 6 శాతమే ఉందంటే, ఊక కాలడానికి కావలసిన గాలికి దాదాపు మూడింతలు లోపలికి పోతోందన్నమాట. ఆ గాలినంతా వేడి చేస్తున్నది మీ ఊకే కదా!

చీపురుపల్లి మిల్లరు

ఇంత గొడవెందుకు గురూ. శాంపిల్ తీసే రోజు మంట తగ్గించి నడిపితే సరిపోద్ది.

విజయనగరం, ఎన్విరాన్‌మెంట్ కన్సల్టెంట్

అలాంటి సలహాలు ఇవ్వకండి, ప్లీజ్. ఆ రోజు లోడు ఎంత, ఏ ఇంధనం కాల్చారు అన్నది రిపోర్టులోకి ఎక్కుతుంది. పైగా బట్టల మీద బూడిద పడేది మిగతా రోజుల్లో కదా.

ప్రశ్న అడిగిన సార్‌కి రెండు మాటలు. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ చూసేది ప్రెజర్, భద్రత. అది బాయిలర్ల చట్టం కింద వస్తుంది (1923 నాటిది పోయి 2025లో కొత్తది వచ్చింది). పొగ సంగతి 1981 నాటి వాయు చట్టం కింద పొల్యూషన్ బోర్డు చూస్తుంది. ఒక కాగితం ఉందని రెండోది అడగకుండా ఉండరు.

రెండోది ఇంకా ముఖ్యం. పట్టికలో 800 ఉన్నా, రాష్ట్ర బోర్డు అంతకంటే కఠినమైన పరిమితి పెట్టవచ్చు. కాబట్టి మీ సీఎఫ్‌వో, అంటే మిల్లు నడుపుకోవడానికి బోర్డు ఇచ్చిన కన్సెంట్ ఆర్డరు, తీసి షరతుల పేజీలో చిమ్నీ ఎదురుగా ఏ అంకె ఉందో చదవండి. మీకు అదే చట్టం.

ప్రశ్న అడిగినవారు

చూశాను మేడమ్. 800 అనే ఉంది. అయితే బ్యాగ్ ఫిల్టర్ పెట్టాల్సిందేనా?

రాజాం

తొందరపడొద్దు. 2 నుంచి 10 టన్నుల వాటికి ఆ పట్టికే సైక్లోన్ గానీ మల్టీ సైక్లోన్ (చిన్న సైక్లోన్ల గుంపు) గానీ సూచిస్తోంది. బ్యాగ్ ఫిల్టర్ చెప్పింది 15 టన్నులు, ఆపైన. ఊక పొగలో నిప్పురవ్వలు ఎగిరి వస్తాయి. వాటిని ముందే ఆపకపోతే బ్యాగులు చిల్లులు పడతాయి. మీ కన్సెంట్‌లో 150 లాంటి అంకె ఉండుంటే నేనే పెట్టమనేవాడిని.

ముందు సైక్లోన్ కిందికి వెళ్లండి. అది ఐడీ ఫ్యాన్ లాగుడు మీద నడుస్తుంది కాబట్టి లోపల పీల్పు ఉంటుంది. బూడిద దింపే తలుపు దగ్గర సందుంటే బయటి గాలి లోపలికి దూసుకెళ్లి, కిందికి దిగిన బూడిదను మళ్లీ పైకి ఎగరేసి చిమ్నీలోకి పంపుతుంది. మిల్లు నడుస్తుండగా వెలిగించిన అగరుబత్తి ఆ తలుపు అంచు చుట్టూ తిప్పండి. పొగ లోపలికి పీల్చుకుపోయిన ప్రతిచోటా లీకే.

ప్రశ్న అడిగినవారు

అగరుబత్తి పట్టి చూశాం అన్నా. తలుపే లేదు! అది ఊడిపోతే మా వాళ్లు గోనెసంచి కట్టి నడిపిస్తున్నారు. పొగ గీతలా లోపలికి పోతోంది.

రాజాం

ఇంకేం, సగం జబ్బు అక్కడే దొరికింది. సంచి తీసేసి రోటరీ ఎయిర్‌లాక్ వాల్వు వేయించండి. అది తిరుగుతూ బూడిదను దింపుతుంది, గాలిని మాత్రం రానివ్వదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఫర్నేస్ దాటాక ఉన్న మామూలు లీకులు మూసినంత మాత్రాన 1120 తగ్గదు. గాలి తగ్గితే 560 పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ శాతమూ అంతే పెరుగుతుంది, లెక్క అక్కడికే వస్తుంది. సైక్లోన్ అడుగు లీకు సంగతి వేరు, అది మూస్తే బూడిద నిజంగానే ఆగుతుంది. ఫర్నేస్‌లో గాలి తగ్గించడం కూడా అంతే. గాలి ఊపు తగ్గితే ఊకబూడిద అంతగా లేవదు. ఊకలో ఐదో వంతు బూడిదే, అదీ దూదిలా తేలిక. ఐడీ ఫ్యాన్ డ్యాంపర్ (లాగుడు తగ్గించే పలక) కొంచెం కొంచెంగా మూస్తూ రండి. ఫర్నేస్ తలుపు తీస్తే మంట లోపలికి వాలాలి, బయటికి తన్నకూడదు. అక్కడ ఆపండి. ఊక గుట్టగా ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా పడేలా ఫైర్‌మన్‌కి చెప్పండి.

విజయనగరం

బట్టల మీద పడే బూడిద మొత్తం చిమ్నీదే అనుకోకండి. ఆరుబయట పోసిన బూడిద కుప్ప ఎటుంది? గాలి ఆ వీధి వైపు వీస్తే అసలు దోషి అదే కావచ్చు. తడిపి, చుట్టూ గోడ, పైన కప్పు ఏర్పాటు చేయండి.

మళ్లీ శాంపిల్ తీయించే ముందు చిమ్నీకి రంధ్రం ఎక్కడుందో చూసుకోండి. వంపు లేదా ఫ్యాన్ నుంచి గొట్టం వ్యాసానికి 8 రెట్లు పైన, చిమ్నీ కొస నుంచి 2 రెట్లు కింద ఉండాలి. 60 సెంటీమీటర్ల చిమ్నీ అయితే కింద 4.8 మీటర్లు, పైన 1.2 మీటర్లు. నిలబడడానికి గట్టి ప్లాట్‌ఫాం, నిచ్చెన లేకపోతే శాంపిల్ సరిగా తీయలేరు.

ప్రశ్న అడిగినవారు

కుప్ప సరిగ్గా ఆ వీధి వైపే ఉంది మేడమ్. వాల్వుకి ఆర్డరు ఇచ్చాం. మా జనరేటర్ పొగ గొట్టం ఎంత ఎత్తుండాలో కూడా చెప్పండి. 250 కేవీఏ, షెడ్డు 6 మీటర్లు.

విజయనగరం

కేవీఏకి వర్గమూలం తీసి 0.2తో గుణించి, షెడ్డు ఎత్తుకు కలపండి. మీకు 9.2 మీటర్లు వస్తుంది.